డాక్టర్ జాకిర్ హుసేన్: తన కంచంలో తగ్గించుకొని ఇచ్చిన ఆచార్యుడు

దానం రెండు విధాలు. తిని మిగిలినది ఇవ్వడం ఒకటి. తినవలసినదానిలో తగ్గించుకొని ఇవ్వడం మరొకటి. మొదటిదానికి సంపద కావాలి. రెండవదానికి మనసు ఒక్కటే చాలు. మన తెలుగునాట అన్నం వండబోయే తల్లి ఎసటిలో బియ్యం పోయకముందే ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసి ఉంచడం, అలా కూడిన బియ్యాన్ని బడికో గ్రంథాలయానికో అన్నార్తులకో ఇవ్వడం ఒకప్పుడు తెలిసిన ఆచారమే. ఆ పిడికెడు బియ్యం వలన ఇంటిలో ఎవరి ప్రాణమూ పోలేదు; కాని ఊరిలో ఒక బడి నిలిచింది. రంజాను మాసంలో దినమంతా ఆకలిని ఓర్చుకొనేవారు పండుగ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించాలన్న నియమంలోనూ ఇదే భావం ఇమిడి ఉంది. తాను ఆకలిగొనడం ఇతరుల ఆకలిని తెలుసుకొనడానికి మొదటి పాఠం. తెలుసుకొన్న తరువాత ఇవ్వకపోతే ఆ పాఠం వ్యర్థం.

ఈ రెండవ విధమైన దానాన్ని ఇరువది రెండు సంవత్సరాలపాటు తన వృత్తిగా చేసుకొన్న ఒక ఉపాధ్యాయుని జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయదలచాము. ఆయన పేరు ఎవరికీ కొత్త కాదు. భారతదేశపు మూడవ రాష్ట్రపతిగా, ఆ పదవిని అధిష్ఠించిన మొదటి ముస్లిముగా, భారతరత్న బిరుదాంకితునిగా డాక్టర్ జాకిర్ హుసేన్‌ను అందరూ ఎరుగుదురు. పాఠ్యపుస్తకాలలో ఆయన చిత్రం కనబడుతుంది. తెల్లని గడ్డం, టోపీ, షేర్వానీ, ప్రసన్నమైన ముఖం. అయితే ఆ చిత్రం రాష్ట్రపతి భవనం నాటిది. 1926 నుండి 1948 వరకు ఢిల్లీలో, చాలీచాలని జీతంతో, అదియైనా సక్రమంగా అందని స్థితిలో, పేదపిల్లలు సైతం చదివే ఒక విద్యాలయాన్ని కంటికి రెప్పవలె కాపాడిన జాకిర్ హుసేన్‌ను ఎరిగినవారు తక్కువ. మేము చెప్పబోయేది ముఖ్యంగా ఆయన గూర్చియే.

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదులో జన్మించారు. కావున ఆయన మన తెలుగు గడ్డమీద పుట్టినవారే. పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాదు జిల్లా ఖాయంగంజ్‌కు చెందిన పఠానులు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ హైదరాబాదుకు వచ్చి, న్యాయశాస్త్రం అభ్యసించి, న్యాయవాదిగా పేరు గడించారు. ఏడుగురు కుమారులలో జాకిర్ మూడవవాడు. 1907లో తండ్రి మరణించగా కుటుంబం ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. నాటికి బాలునికి పదేళ్ళు. ఇటావాలోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలో చదువుకొంటున్న రోజులలోనే, 1911లో, తల్లి కూడా ప్లేగు వ్యాధికి బలి అయింది. తల్లిదండ్రులు లేని పిల్లవానికి పాఠశాల వసతిగృహమే ఇల్లు అయింది. వసతిగృహపు అన్నం ఎలా ఉంటుందో, ఒంటరితనం ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాల వలన తెలిసినది కాదు.

ఆ కాలంలోనే తుర్కీ దేశానికి ఇటలీతోను, తరువాత బాల్కన్ రాజ్యాలతోను యుద్ధాలు జరుగుతూ ఉండేవి. గాయపడిన వారి సహాయార్థం ఇటావాలో చందాలు పోగుచేసిన బాలురలో జాకిర్ ఒకడని ఆయన చరిత్రకారులు వ్రాశారు. అలీగఢ్ కళాశాల విద్యార్థులైతే భోజనంలో మాంసాన్నీ రుచికరమైన పదార్థాలనూ మానుకొని, అలా మిగిలిన సొమ్మును సహాయనిధికి పంపారు. 1913లో జాకిర్ చేరినది ఆ అలీగఢ్ కళాశాలలోనే. ఒక పూట కూర మానితే ఎక్కడో కన్నెరుగని మనిషికి కట్టు కట్టవచ్చునన్న సంగతి ఆ తరం విద్యార్థులకు అనుభవంలోకి వచ్చిన విషయం.

1920లో దేశచరిత్రతోపాటు జాకిర్ హుసేన్ జీవితమూ మలుపు తిరిగింది. ఆ సంవత్సరం అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్‌కు వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను విడిచి రమ్మని విద్యార్థులకు పిలుపునిచ్చారు. నాటికి జాకిర్ ఎం.ఏ. చదువుతూ కళాశాలలో కొంత బోధన కూడా చేస్తున్నారు. ముందున్న దారి సుగమమైనది. ఉద్యోగం దాదాపు చేతిలో ఉన్నది. దానిని వదలి ఆయన బయటికి వచ్చారు. అక్టోబరు 29న మౌలానా మహమూద్ హసన్ చేతులమీదుగా జామియా మిల్లియా ఇస్లామియా అను జాతీయ విద్యాలయం ప్రారంభమైంది. హకీం అజ్మల్ ఖాన్ కులపతి, మౌలానా మహమ్మద్ అలీ ఉపకులపతి. భవనాలు లేవు, గుడారాలే తరగతి గదులు.

ఇట్టి ప్రయత్నాలు మన ప్రాంతానికి తెలియనివి కావు. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లోనే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. మన మదనపల్లెలో అనీబిసెంట్ స్థాపించిన కళాశాల హోంరూలు ఉద్యమకాలంలో, 1917లో, మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపును పోగొట్టుకొని కూడా నిలిచింది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలకు విచ్చేసి, అక్కడనే జనగణమన గీతాన్ని ఆంగ్లంలోనికి అనువదించారు. ప్రభుత్వపు చేయి పట్టుకొనని విద్యాలయానికి ఉండే గౌరవమేమిటో, ఆకలి ఏమిటో ఈ సీమ పెద్దలు చూచియున్నారు.

1922లో జాకిర్ హుసేన్ ఉన్నత విద్యకై జర్మనీకి వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో భారతదేశపు వ్యవసాయ ఆర్థిక వ్యవస్థను గూర్చి పరిశోధన చేసి డాక్టరు పట్టం పొందారు. అక్కడ ఉండగానే గాలిబు దివానును చక్కని చిన్న సంపుటంగా ముద్రింపించారు. ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే పనిలో తానే చేయి కలిపారు. చేతితో చేసే పనిపట్ల ఆయనకున్న గౌరవం నాటినుండియే కనబడుతుంది.

ఇక్కడ జామియా పరిస్థితి మాత్రం దినదినమూ క్షీణించింది. 1922లో సహకార నిరాకరణోద్యమం ఆగిపోయింది. 1924లో తుర్కీ దేశమే ఖిలాఫత్‌ను రద్దు చేసింది. దానితో ఖిలాఫత్ సంఘం నుండి వచ్చే ధనం నిలిచిపోయింది. విద్యాలయాన్ని మూసివేయడమే మంచిదని పలువురు భావించారు. గాంధీజీ, హకీం అజ్మల్ ఖాన్ దానికి ఒప్పుకొనలేదు. ఐరోపాలో ఉన్న జాకిర్ హుసేన్, ఆయన మిత్రులు ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ ఈ వార్త విని, తాము వచ్చి జీవితాలను జామియాకే అంకితం చేయగలమనీ, అంతవరకు మూయవద్దనీ కబురు పంపారు. 1925లో జామియా అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలింది. 1926 ఫిబ్రవరిలో ముగ్గురు మిత్రులూ స్వదేశం చేరారు. జాకిర్ హుసేన్ ఉపకులపతి అయ్యారు. నాటికి ఆయన వయస్సు ఇరువది తొమ్మిది సంవత్సరాలు.

ఉపకులపతి అనగానే మన కనులముందు పెద్ద భవనం, గుమ్మం వద్ద జవాను, వాహనం మెదులుతాయి. కరోల్‌బాగ్‌లో ఉన్నవి అద్దె ఇళ్ళు. విద్యాలయ వ్యయంలో చాలా భాగం హకీం అజ్మల్ ఖాన్ తన వైద్యవృత్తి వలన వచ్చే ఆదాయం నుండి భరించేవారు. 1927 డిసెంబరులో ఆయన కాలధర్మం చెందారు. ఉన్న ఒక్క ఆధారం పోయింది. జీతాలకు డబ్బు లేదు. అంగళ్ళలో అప్పులు పెరిగాయి. ఇక మూయక తప్పదని అందరూ అనుకొన్న తరుణమది.

ఆ తరుణంలో, 1928లో, అక్కడి ఉపాధ్యాయులలో కొందరు ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని పేరు అంజుమనె తాలీమె మిల్లీ. అందులో సభ్యులైనవారు చేసిన ప్రతిజ్ఞ చిన్నది: ఇరువది సంవత్సరాలు జామియాలోనే పనిచేయాలి; నెలకు 150 రూపాయలకు మించిన జీతం ఎన్నడూ కోరరాదు. విదేశాలలో చదివి డాక్టరు పట్టాలు తెచ్చుకొన్నవారు, ఎక్కడికి వెళ్ళినా అంతకు కొన్ని రెట్లు సంపాదించగలవారు, తమ యౌవనమంతటినీ ఇలా ముందుగానే వ్రాసి ఇచ్చివేశారు. నూటయేబది అన్నది గరిష్ఠ పరిమితియే తప్ప అందిన మొత్తం కాదు. జాకిర్ హుసేన్ తీసుకొన్నది నూరు రూపాయలకు మించలేదు. క్రమంగా దానినీ ఆయన తగ్గించుకొన్నారు. ఆ తగ్గించినది కూడా నెలల తరబడి అందని కాలం వచ్చింది.

గణితం తెలిసిన మన విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. నూరు రూపాయలను ముప్పది దినాలకు పంచితే దినానికి వచ్చేది మూడు రూపాయల అయిదణాల పైచిలుకు. అందులో భార్యాబిడ్డల భోజనం, బట్టలు, మందులు, వచ్చిపోయే అతిథులు. దేశపు నాయకులు, విదేశీ విద్వాంసులు ఆ ఇంటికి వచ్చేవారు. ఎవరినీ ఉత్తచేతులతో పంపే ఆచారం పఠానుల ఇంట లేదు. ఇది జీతం పూర్తిగా అందిన నెల మాట. అందని నెలలలో అంగడివాని ఓర్పే ఆ ఉపాధ్యాయుల ఇళ్ళకు ఆధారం. పేదరికంలో పుట్టినవానికి రొట్టె, పప్పు నిత్యభోజనం. ఇష్టపడి పేదరికంలోకి వచ్చినవాడు మాత్రం ప్రతి పూటా దానిని మరల ఎన్నుకొనవలసి ఉంటుంది. జామియా ఉపాధ్యాయులు అలా ఎన్నుకొన్నది ఒక పూట కాదు, ఇరువది ఏళ్ళు.

ఉన్న కొద్దిపాటి సొమ్ము ఎవరికి ముందుగా ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు జామియాలో పాటించిన పద్ధతిని మనం ప్రత్యేకంగా గుర్తించాలి. తక్కువ జీతం గలవారికి ముందు, పెద్దలకు చివర. సాధారణంగా లోకరీతి దీనికి విరుద్ధం. కరవు వచ్చినప్పుడు కూలివాని గంజి మొదట పలుచబడుతుంది, యజమాని పెరుగు చివర పలుచబడుతుంది. జాకిర్ హుసేన్ ఆ వరుసను తలక్రిందులు చేశారు. ఆ విద్యాలయం నిలిచిన రహస్యం ఇందులోనే ఉన్నదని మా విశ్వాసం. పైవాడు తన కంచంలో తగ్గించుకొన్నాడని క్రిందివాడు కన్నులారా చూచినప్పుడు, తన వంతు కష్టాన్ని అతడు అన్యాయమని అనుకొనడు.

ఆకలిని ఓర్చుకొన్నంత మాత్రాన బడి నడవదు. డబ్బు కూడా కావాలి. దానికొరకు హమ్‌దర్దానె జామియా, అనగా జామియా సానుభూతిపరులు, అను సంఘం ఏర్పడింది. షఫీఖుర్రహమాన్ కిద్వాయి మొదలగువారు దాని బాధ్యత వహించారు. ఒక్క ధనవంతుని వద్ద లక్ష రూపాయలు అడుగుటకు మారుగా, వేలాది సామాన్యుల వద్ద నెలనెలా చిన్న చిన్న మొత్తాలు సేకరించడమే దాని పద్ధతి. ఇది మన పిడికెడు బియ్యం వంటిదే. ధనవంతుడు అలిగితే అతని లక్ష ఆగిపోతుంది. వేయిమంది సామాన్యులు ఒకేమారు అలగరు. అంతేకాక, అణాలు ఇచ్చినవాడు ఆ బడిని తన బడి అనుకొంటాడు. తరువాతి కాలంలో హైదరాబాదు సంస్థానం వంటి చోట్లనుండి కూడా సహాయం లభించింది. జాకిర్ హుసేన్ ఊరూరా తిరిగి చందాలు అడిగారు. స్వభావరీత్యా బిడియస్థుడైన ఆయనకు చేయి చాచడం సులభం కాదు. కాని తాను తీసుకొనక పిల్లలకొరకు అడిగే మనిషి చేయి చాచినప్పుడు అది యాచన కాదు. ఇచ్చేవానికి అతడు ఒక అవకాశం కల్పిస్తున్నాడు, అంతే.

ఇన్ని పాట్లు ఎవరికొరకు? ముఖ్యంగా పిల్లలకొరకు. పేరుకు విశ్వవిద్యాలయమే గాని, జామియాకు ప్రాణం దాని ప్రాథమిక పాఠశాల. బట్టీపట్టి అప్పజెప్పే చదువుకు అక్కడ చోటు లేదు. పిల్లలే అంగడి నడిపేవారు; పిల్లలే చిన్న బ్యాంకు నడిపి లెక్కలు వ్రాసేవారు. లెక్కల పాఠం అలా వారికి జీవితంలోనుండి వచ్చేది. 1933లో జర్మనీ నుండి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అను యూదు మహిళ వచ్చి జామియాలో చేరింది. బెర్లిన్‌లో జాకిర్ హుసేన్, మిత్రులు ఆమెకు పరిచితులు. చిన్నపిల్లల తరగతులకు, వసతిగృహానికి ఆమె తల్లివలె సేవచేసింది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో ఆమె కన్నుమూసినప్పుడు జామియావారే తమ శ్మశానవాటికలో సమాధి చేశారు. దేశం వేరు, మతం వేరు, భాష వేరు. కాని పేదపిల్లవాని తల దువ్వడానికి అవి అడ్డు రాలేదు.

1935 మార్చి 1వ తేదీన ఢిల్లీ శివార్లలోని ఓఖ్లాలో జామియా స్వంత భవనానికి శంకుస్థాపన జరిగింది. నాయకులకు, నవాబులకు కొదవలేని ఢిల్లీ అది. అయినా ఆ రాయి వేసినది పాఠశాలలోకెల్ల చిన్నవాడైన అబ్దుల్ అజీజ్ అను బాలుడు. ఎవరికొరకు ఆ ఇల్లు కడుతున్నారో వారి చేతనే మొదటి రాయి వేయించారు.

జాకిర్ హుసేన్ పిల్లలకు బోధించిన తీరును గూర్చి రెండు సంఘటనలు ప్రసిద్ధములు. విద్యార్థులు మాసిన బూట్లతో తరగతికి రావడం ఆయనకు నచ్చలేదు. చెప్పి చూచారు; ఫలితం లేకపోయింది. ఒకనాడు ఉపకులపతిగారే బ్రష్షు, పాలిషు పట్టుకొని గుమ్మం వద్ద కూర్చొని, వచ్చిన ప్రతి విద్యార్థి బూట్లు తుడవడానికి సిద్ధమయ్యారు. పిల్లలు సిగ్గుతో తలలు వంచుకొన్నారు. మరునాటినుండి ఎవరికీ మరల చెప్పవలసిన పని లేకపోయింది.

రెండవ సంఘటన తలచుకొన్నప్పుడు మనసు భారమవుతుంది. ప్రాథమిక పాఠశాలలో ఏదో వేడుక. జాకిర్ హుసేన్ పిల్లలకు స్వయంగా మిఠాయి పంచుతున్నారు. ఇంటివద్ద చిన్న కుమార్తె రెహానా జబ్బుతో ఉన్నది. నౌకరు వచ్చి, బిడ్డకు ప్రమాదంగా ఉన్నదని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. మరల వచ్చి, బిడ్డ చనిపోయిందని చెప్పాడు. ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు. చివరి పిల్లవానికి కూడా మిఠాయి అందిన తరువాతనే ఇంటికి నడిచారు. అంతమంది పిల్లల సంతోషాన్ని మధ్యలో చెరపడం ఆయనకు ఇష్టం లేకపోయింది. తరువాత ఆయన ఉర్దూలో పిల్లలకొరకు వ్రాసిన కథలను రుఖయ్యా రెహానా అను పేరుతో ప్రకటించారు. స్వేచ్ఛకొరకు తోడేలుతో రాత్రంతా పోరాడిన మేక కథ, అబ్బూఖాన్ మేక, వాటిలో పేరెన్నికగన్నది. తాను పెంచలేకపోయిన బిడ్డ పేరు అలా దేశంలోని పిల్లలందరి చేతులలోకి వెళ్ళింది.

ఈ సంఘటనను మనం పొగడి ఊరుకొనరాదు. దానిలో ఒక కఠినమైన ప్రశ్న ఉన్నది. ప్రతిజ్ఞ చేసినది ఉపాధ్యాయులు. ఆకలి పంచుకొన్నది వారి భార్యాబిడ్డలు. జాకిర్ హుసేన్ సతీమణి షాజహాన్ బేగం ఏ పత్రంమీదా సంతకం చేయలేదు. కాని రావలసిన జీతం రాని నెలలో పొయ్యి వెలిగించవలసినది ఆమె. అతిథి వచ్చినప్పుడు తన వంతు తగ్గించుకొనవలసినది ఆమె. జామియా చరిత్రలో ఉపాధ్యాయుల పేర్లు ఉన్నాయి. వారి ఇళ్ళలో దీపం ఆరకుండా కాపాడిన స్త్రీల పేర్లు పెక్కు లేవు. త్యాగమూర్తులను స్మరించేటప్పుడు వంటింటిలోని ఈ త్యాగాన్ని కూడా లెక్కలోనికి తీసుకొనకపోతే మన లెక్క తప్పుతుంది.

జాకిర్ హుసేన్‌ను అన్నీ విడిచిన విరాగిగా భావించడం కూడా పొరపాటు. ఆయన సౌందర్యప్రియుడు. గులాబీ తోటలు పెంచడం, చిత్రాలు, రంగురాళ్ళు, చక్కని దస్తూరీ వ్రాతలు సేకరించడం ఆయనకు ప్రీతి. ఖద్దరు షేర్వానీయే ధరించినా అది మడత నలగకుండా ఉండాలి. మంచివస్తువు విలువ తెలియక వదులుకొన్నవాడు కాడు, తెలిసి వదులుకొన్నవాడు. అందుకనే ఆయన త్యాగంలో ఇతరులను చిన్నబుచ్చే అహంకారం కనబడదు.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యామహాసభ జరిగింది. మాతృభాషలో, ఒక చేతిపని ఆధారంగా, ఏడు సంవత్సరాల నిర్బంధ ఉచిత విద్య దేశంలోని ప్రతి బిడ్డకు అందాలన్నది అక్కడి సంకల్పం. పథకాన్ని రచించే సంఘానికి జాకిర్ హుసేన్ అధ్యక్షులు. పిల్లలు చేసిన వస్తువుల విలువతో ఉపాధ్యాయుల జీతం వెళ్ళవలెనన్నది గాంధీజీ ఆశ. జాకిర్ హుసేన్ సంఘం ఆ ఆశను కాదనలేదు గాని ఒక హెచ్చరిక చేసింది: ఆదాయంమీదనే దృష్టి నిలిపి, చదువు, సంస్కారం అను అసలు లక్ష్యాలను బలి ఇచ్చే ప్రమాదం ఉన్నదన్నది ఆ హెచ్చరిక. తన కంచంలో తగ్గించుకొనుటకు వెనుదీయని మనిషి, పసివాని చేతులతో బడి ఖర్చు రాబట్టుటకు సందేహించారు. ఇందులో వైరుధ్యం లేదు. ఒకరు తమంత తాము మోసే బరువు వేరు. మరొకరి నెత్తిన పెట్టే బరువు వేరు.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశమంతటా మతకల్లోలాలు చెలరేగుతున్న రోజులవి. ఆ వేదికమీద నెహ్రూ, ఆజాద్, రాజాజీ ఒకవైపు, జిన్నా, లియాఖత్ అలీ మరొకవైపు కూర్చొన్నారు. అట్టివారిని ఒకచోట చేర్చగలిగినది ఆనాడు దేశంలో ఆ పేద విద్యాలయం ఒక్కటే. జాకిర్ హుసేన్ ఆ నాయకులను చూచి, ఈ మంటలను ఆర్పవలసిందిగా వేడుకొన్నారు. ఎవరి పక్షాన్నీ తినని చేయి గనుక ఆయన అందరినీ అడుగగలిగారు. మరుసటి సంవత్సరం దేశవిభజన సమయంలో జలంధరు స్టేషనులో ఆయన ప్రాణమే పోవలసింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయనను కాపాడారు. ఆ తరువాత కూడా ఆయన నోట ద్వేషవాక్యం వెలువడలేదు.

ఇరువది ఏళ్ళ ప్రతిజ్ఞ 1948తో తీరింది. ఆ సంవత్సరమే అలీగఢ్ విశ్వవిద్యాలయపు ఉపకులపతిగా వెళ్ళి 1956 వరకు పనిచేశారు. 1957 నుండి 1962 వరకు బీహారు గవర్నరుగా, తరువాత ఉపరాష్ట్రపతిగా ఉన్నారు. 1963లో భారతరత్న లభించింది. 1967 మే 13న రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే పరమపదించారు. ఆయనను సమాధి చేసినది జామియా ఆవరణలోనే. ఏ నేలపై ఆయన ఆకలిని ఓర్చుకొన్నారో ఆ నేలయే ఆయనకు చివరి చోటు అయింది. గుడారాలలో పుట్టిన ఆ విద్యాలయం 1988లో పార్లమెంటు చట్టంచేత కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

ఈ జీవితం మనకు ఏమి చెబుతున్నది? మా కళాశాల వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలలో జాకిర్ హుసేన్ పేరు తరచుగా వినబడుతుంది. త్యాగం చేయుమని ఉపాధ్యాయులకు, సర్దుకొమ్మని విద్యార్థులకు ఆయన ఉదాహరణ చూపడం పరిపాటి. వినయపూర్వకంగా మేము ఒక మాట విన్నవించదలచాము. జాకిర్ హుసేన్ ఇతరుల జీతం తగ్గించి బడి నడపలేదు. తన జీతం తగ్గించుకొని నడిపారు. చిన్నవానికి ముందు ఇచ్చి, తాను చివర తీసుకొన్నారు. త్యాగాన్ని పెద్దలు మొదలుపెడితే అది ఆదర్శం. పిన్నలనుండి వసూలు చేస్తే అది పన్ను. విద్యాసంస్థలను నిర్వహించే పెద్దలు ఎచ్చటనున్నా ఈ భేదాన్ని గుర్తుంచుకొనడమే ఆయనకు చేసే నిజమైన నివాళి.

విద్యార్థులకు కూడా ఒక మాట. మీలో పలువురు పలమనేరు, పుంగనూరు, వాయల్పాడు ప్రాంతాల మెట్టపొలాలనుండి వచ్చినవారు. వాన రాని సంవత్సరం వేరుశెనగ ఎండిపోతే ఇంటిలో ఏమి తగ్గుతుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. రాగిసంగటి ముద్దను పంచుకొని తినిన కుటుంబాలు మీవి. అట్టి బిడ్డలను ఇంకా తగ్గించుకొమ్మని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆకలి గొప్పది కాదు. ఎదిగే వయస్సులో కడుపునిండ తినడం మీ హక్కు. కాని దినమూ టీ అంగడిలో, సినిమాహాలులో వ్యయమయ్యే చిల్లరలో నుండి వారానికి ఒక పూట సొమ్ము తీసి, మీకన్న లేనివాని పరీక్షరుసుముకో పుస్తకానికో ఇవ్వగలిగితే, కరోల్‌బాగ్‌లోని ఆ అద్దె ఇంటికి మీరూ బంధువులే. ఇచ్చేటప్పుడు తీసుకొనేవాని పేరు ఎవరికీ తెలియనీయకండి. తీసుకొనేవాడు తల వంచుకొనకుండా చూడడం దానంలో సగభాగం.

సంపన్నులు కట్టిన భవనాలు దేశంలో ఎన్నియో ఉన్నాయి. కొందరు ఉపాధ్యాయులు, వారి ఇల్లాండ్రు పూటపూటా తమ కంచాలలో తగ్గించుకొని నిలిపిన విద్యాలయాలు అరుదు. పిడికెడు బియ్యం తీసిన తల్లికి ఆనాడు అది చిన్నపనిగానే తోచియుండును. ఆ పిడికెడు వలన ఎవడు చదువుకొన్నాడో ఆమెకు తెలియదు. తెలుసుకొనవలెనని ఆమె కోరలేదు కూడా. మన విద్యార్థులలో, మన ఉపాధ్యాయులలో, మన పెద్దలలో అట్టి చేతులు పెరగాలని మా ఆకాంక్ష.